ఇంట్లో వానకి ఎస్టిమేటు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడమని మాత్రం ఏ పెద్దా అనలేదు. అంటే ఇక తమ మాట ఎవరూ వినరని భయపడి ఉంటారు. ఈ సంగతి పుష్పలత టీచరుకి రెండువేల ఏడు ఏప్రిల్లో, సత్తిరాజు మేస్త్రీ మండువా నడిమధ్యన నిలబడి, కప్పు కేసి తలెత్తి చూసి, నాలుక చప్పరించినప్పుడు తెలిసింది.

సత్తిరాజు లెక్క నోటితో చెప్పడు, చప్పరింపుతో చెబుతాడు. చిన్న చప్పరింపయితే వెయ్యో రెండు వేలో. పెద్దదయితే పది వేలకి తక్కువుండదు. ఆ పూట నాలుగు మూలలూ తిరిగేసరికి నోరెండిపోయి, ఇచ్చిన చెంబెడు నీళ్ళూ గటగటా తాగేశాడు.

"ఇంతకీ ఎంతవుతుందండీ?" అంది పుష్పలత.

"మీరెంతిస్తే అంతేనండీ. మా చంటిది మీ దగ్గరే చదువుకుంది కదా, మీకు నేను లెక్కలు చెప్పడమేంటండీ?"

"మీ చంటిదానికి లెక్కల్లో ముప్పై ఆరు మార్కులొచ్చాయి సత్తిరాజుగారూ. ఆ పోలిక తేకండి. కాగితం మీద వేసి చెప్పండి."

మేస్త్రీ నవ్వి, చెవి మీది పెన్సిలు తీశాడు. పుచ్చిన దూలాలు రెండు, వాసాలు, పన్నెండు వేల గూనపెంకులు, గోడలకి పూత, కిందకి నాపరాళ్ళు, కరెంటు పని, కూలీలు. మనుషులంతా చేపల చెరువుల పనికి పోతున్నారు, అక్కడిచ్చే కూలి ఇక్కడా ఇవ్వకపోతే ఎవరూ రారన్నాడు. అన్నీ కలిపి నాలుగు లక్షల పదివేలు.

పుష్పలత దగ్గరున్నది మూడు లక్షలు. తాడేపల్లిగూడెంలో కొనుక్కున్న స్థలం అమ్మగా, పి.ఎఫ్. లోను తీయగా వచ్చిన డబ్బులో ఇంటికి పోను మిగిలింది అంతే. పొలం లేదు, తాకట్టుకి నగల్లేవు.

ఆమె భర్త నెల్సన్ గూడెం బస్సు డిపోలో మెకానిక్కు. కాగితం చూసి, గోడకి చేరగిలబడి, తాపీగా అన్నాడు.

"మా డిపోలో అయితే దీన్ని స్క్రాపు కింద రాసేస్తాం. ఇంజను పోయింది, బాడీ పోయింది. మిగిలింది హారనొక్కటే."

"హారనెక్కడుంది?"

"నువ్వే. పొద్దుట్నుంచీ మోగుతున్నావు గదా."

ఆ ఇల్లు పెంటపాడుకి రెండు మైళ్ళ అవతల, కాలవ గట్టునున్న ఊళ్ళో జోగారావుగారి మండువా లోగిలి. తొంభై ఏళ్ళ నాటిది. చుట్టూ గదులు, నడుమ రాతి పలకలు పరిచిన చదరం, ఆ చదరం మీద కప్పు లేదు. నాలుగు వైపుల పెంకుల వాలూ లోపలికే దిగుతుంది. కింద నాలుగు మూలలా నాలుగు టేకు స్తంభాలు. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ ఇంటి మధ్యలోనే పడి, తూములోంచి పెరట్లోకి పోతాయి. తెలియనివాళ్ళకి చెబితే నమ్మరు. డబ్బున్నవాళ్ళు కావాలని చిల్లు పెట్టుకుని కట్టిన ఇల్లు.

ఆ చిల్లు కోసమే పుష్పలత ఆ ఇల్లు కొంది.

ఆమెకప్పుడు ఏడేళ్ళు. అమ్మ జీవరత్నమ్మ శ్రావణమాసంలో ఈ ఇంటి పెరట్లో బియ్యం చెరగడానికి వచ్చేది. పేట నుంచి వచ్చేవాళ్ళకి పెరటి దాకానే దారి. ఒకరోజు వానెత్తుకుంటే తల్లీ కూతుళ్ళు కొట్టం చూరు కింద నిలబడ్డారు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. అందులోంచి చూస్తే ఇంటి లోపల వాన. బయట కురిసే వాన లాంటిది కాదు. నాలుగు వైపులా తెరలు దించినట్టు, నాలుగు తెరల మధ్య వెలుతురు దించినట్టు. స్తంభానికి ఆనుకుని ఒకాయన పడక్కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తున్నాడు. ఆయన మీద చినుకు పడటంలేదు.

"అమ్మా, వాళ్ళింట్లో వాన పడుతోందే!"

"పడనీ."

"మనింట్లోనూ పడుద్ది కదా?"

"మనింట్లో పడితే మనం తడుస్తాం. వాళ్ళింట్లో పడితే వాళ్ళు చూస్తారు," అంది జీవరత్నమ్మ, చేటని కొంగుతో కప్పుకుంటూ.

తర్వాత పుష్పలత ఏలూరులో ట్రైనింగయింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, కూతురు జాయ్సీ కాకినాడ హాస్టల్లో చేరింది. గూడెంలో నాలుగు అద్దెకొంపలు మారారు. అన్నీ స్లాబులే. స్లాబు కింద ఉన్నవాళ్ళకి వానొచ్చిన సంగతి పక్కింటావిడ "బట్టలు తీసుకోండీ" అని అరిస్తేనే తెలిసేది. అలా అరిచినప్పుడల్లా పుష్పలత బట్టలు తెచ్చి మంచం మీద పడేసి, కిటికీ దగ్గర నిలబడేది. కిటికీలోంచి కనిపించే వాన ఆమెకి ఆనేది కాదు.

రిజిస్ట్రేషనయిన రోజు పాస్టరు కృపానందంగారొచ్చి ప్రార్థన చేశారు. అందరూ సింహద్వారంలోంచి లోపలికొచ్చారు. నిలువెత్తు టేకు గుమ్మం, పైన లతలు, నడుమ ఏనుగులు. ఆ గడప దాటేముందు పుష్పలత ఒకసారి వంగి కుచ్చిళ్ళు సర్దుకుంది. తీరా చూస్తే అమ్మ లేదు. వెతగ్గా వెతగ్గా పెరటివైపు నుంచి వస్తూ కనిపించింది.

"అదేంటే, ముందునుంచి రావచ్చు కదా. మనిల్లే ఇప్పుడు."

"అటునుంచే నడిచాయి కదే కాళ్ళు. వాటికేం తెలుసు రిజిస్ట్రేషనయిందని?" అంది జీవరత్నమ్మ.

లక్షా పదివేలు కావాలి. పుష్పలత గూడెంలో బ్యాంకుకెళ్ళింది. మేనేజరు ప్లాను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మధ్యలో ఈ ఖాళీ ఏంటండీ మేడం?"

"ఆకాశమండీ."

"ఆకాశానికి మేం లోనివ్వలేమండీ," అన్నాడాయన ఎంతో మర్యాదగా. "పెంకుటింటికే ఇవ్వం. ఇది మూసేసి స్లాబు వేయిస్తానంటే చెప్పండి, వారంలో శాంక్షను చేయిస్తాను."

ఆ వారంలోనే ఏలూరు నుంచి వెంకట్రాజు వచ్చాడు. పాత ఇళ్ళ కలప కొనే వ్యాపారి. ఎవరు కబురెట్టారని అడగాల్సిన పని లేదు, నెల్సన్ ఆ వేళ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. వెంకట్రాజు స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు, డాక్టరు రొమ్ము చూసినట్టు.

"బర్మా టేకండీ. ఇంకో వందేళ్ళయినా దీనికి జ్వరం కూడా రాదు. నాలుగూ కలిపి లక్షా పదివేలిస్తాను."

నెల్సన్ ముఖం చేటంతయింది. "దేవుడే పంపించాడు పుష్పా! ఎంత తక్కువో అంతే! రూపాయి అటూ ఇటూ లేదు."

"స్తంభాలు తీసేస్తే చూరులు నిలబడతాయా?" అని సత్తిరాజుని అడిగింది పుష్పలత.

మేస్త్రీ పెద్ద చప్పరింపు చప్పరించాడు. "ఎలా నిలబడతాయండీ? మండువా మూసేసి స్లాబేసుకోవడమే. మూసేస్తే హాలొస్తుంది. సోఫాలేసుకోవచ్చు."

నాలుగు రోజులు గడువడిగింది పుష్పలత. వెంకట్రాజు రేటు మారదని చెప్పి వెళ్ళిపోయాడు.

"వాన చూడాలనుంటే అరుగు మీద కూచుని చూడు. దానికి టిక్కెట్టుందా ఏమన్నానా?" అన్నాడు నెల్సన్.

అప్పుడు చెప్పింది, పెరటి తలుపులోంచి ఏం చూసిందో. ఇరవై రెండేళ్ళ కాపురంలో చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందనుకుంది. నెల్సన్ కింద కూర్చుని విన్నాడు. చివర్న, "మరి లక్షా పదివేలు?" అన్నాడు మెల్లిగా. ఆమె ఎస్టిమేటు కాగితం మడిచి గూట్లో పెట్టింది.

మూడోరోజు పొద్దున్నే ఇంటి ముందు కారాగింది. వెనకే ఇద్దరు వడ్రంగులతో ఒక ఆటో. కార్లోంచి జోగారావుగారి భార్య వెంకటనరసమ్మ దిగింది. భర్త పోయాక ఏలూరులో కొడుకు దగ్గరుంటోంది. కొడుకు ఫణీంద్ర చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, గడప దగ్గర వంగి, రెండు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది.

"బావున్నారా టీచరుగారూ? గుమ్మం తీసుకెళ్దామని వచ్చామండీ. ఇవాళ తిథి బావుంది."

"ఏ గుమ్మమండీ?" అన్నాడు నెల్సన్.

"సింహద్వారమయ్యా. ఇల్లమ్ముకుంటాం గానీ, సింహద్వారం ఎవరన్నా అమ్ముకుంటారా? లక్ష్మీదేవి ఉండే చోటు. మా అత్తగారు పసుపు రాసిన గడప, నేను యాభై ఏళ్ళు రాశాను. ఏలూరులో వీడు కొత్తిల్లు కడుతుంటే దీనికోసం ముందు వైపు ఖాళీ ఉంచాం."

"దస్తావేజులో తలుపులూ గుమ్మాలూ సహా అని ఉందండీ. మరప్పుడు చెప్పలేదేంటండీ?" అన్నాడు నెల్సన్.

"చెప్పేదేముంది? అందరికీ తెలిసిందేగా."

"మాకు తెలీదండీ అమ్మగారూ," అంది పుష్పలత. "మా ఇళ్ళకి తడికలు కదండీ అప్పట్లో. తడికలో ఏ దేవతా కాపురముండదు. పేట మారితే చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకునేవాళ్ళం."

ఫణీంద్ర నేల చూపులు చూశాడు. "తప్పు మాదేనండీ. ఎంతో చెప్పండి, ఇచ్చేస్తాం."

"మన గుమ్మం మనం కొనుక్కోవడమేంట్రా!" అంది వెంకటనరసమ్మ. గొంతు పెద్దదే గానీ కళ్ళల్లో భయముంది. కాగితం ఎవరి చేతిలో ఉందో ఆవిడకి తెలుసు.

పుష్పలత వాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. వెంకటనరసమ్మ గ్లాసందుకుని ఒక్క క్షణం అలా పట్టుకుని, తాగింది. తాగుతూ లేచి మండువా లోకి నడిచి, పైకి చూసింది.

"ఇది మూసేస్తున్నారట కదా. వెంకట్రాజు చెప్పాడు. మంచి పని."

"మూయాలని లేదండీ నాకు."

"ఎందుకే!" అంది ఆవిడ. టీచరుగారు, మీరు, అన్నీ పోయాయి ఆ ఒక్క మాటతో. "వానొస్తే తెలుస్తుంది. జల్లు కొట్టకుండా నాలుగు వైపులా గోనెలు కట్టాలి. తూములో ఆకులు తియ్యాలి. ఎండొచ్చాక నాచు గియ్యాలి. ఆ నాచు మీదే జారి నా తుంటి విరిగింది. మీ బాబయ్యగారు పడక్కుర్చీలో కూచుని వాన చూసేవారు. నేను వానని తుడిచేదాన్ని."

పుష్పలత మండువా అంచుదాకా వచ్చి పెరటి తలుపు కేసి చూసింది. పెరట్లోంచి చూసినప్పుడు ఆ పడక్కుర్చీ కనిపించింది గానీ, గోనె పట్టుకున్న మనిషి కనిపించలేదు. ఎంత గుర్తుచేసుకున్నా కనిపించలేదు. అయినా కోరిక తగ్గలేదు. తగ్గుతుందేమోనని ఒక్క నిమిషం ఆగి చూసుకుంది.

వెంకటనరసమ్మ కన్ను గూట్లో ఉన్న ఎస్టిమేటు మీద పడింది. కళ్ళజోడు పెట్టుకుని చదివి, కొలతలకని వచ్చి మూల నిలబడ్డ మేస్త్రీ కేసి తిరిగింది. "గూనపెంకు ఏడు రూపాయలా! ఏవయ్యా సత్తిరాజూ, పెంకులు కొంటున్నావా, ఇత్తడి గిన్నెలు కొంటున్నావా?"

"దొరకట్లేదండీ అమ్మగారూ. కాల్చేవాళ్ళేరీ? పడగొట్టిన ఇళ్ళవి ఏరుకొచ్చి అమ్ముతున్నారు."

"దెందులూరులో మన పశువుల పాకవి ఉండాలి కదరా ఫణీ?"

"చెరువు తవ్వించడానికి పాక విప్పేశాం కదమ్మా. గట్టు మీద పేర్చి పెట్టించాను. పదమూడు, పద్నాలుగు వేలుంటాయి. ఇప్పుడెవరిక్కావాలవి?"

పుష్పలత కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"నాక్కావాలండీ," అంది. "గుమ్మం తీసుకెళ్ళండి. పెంకులు నాకివ్వండి. పాక వాసాలు కూడా."

"పెంకులు సరే. వాసాలెందుకే?" అంది వెంకటనరసమ్మ, వెంటనే బేరంలోకి దిగిపోయి.

"పెంకులు గాల్లో నేస్తారా అండీ?"

"తాటి వాసాలవి. చేవ తేలి ఇనుములా ఉంటాయి. సగం ఇస్తాను."

"సగం ఇల్లే తడవదండీ అప్పుడు."

ఫణీంద్ర నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయాడు. వెంకటనరసమ్మ కోడలి పోరు పడలేని అత్తలా ముఖం పెట్టి, "సరే, తీసుకో. లారీ కిరాయి మాత్రం నీదే," అంది.

పెంకులకి ఎనభై నాలుగు వేలు, వాసాలకి ముప్పై వేలు. కొట్టేస్తే రెండు లక్షల తొంభై ఆరువేలు. మూడు లక్షల్లో సరిపోతుంది. పుష్పలత వేళ్ళ మీద లెక్క కట్టేలోపు సత్తిరాజు ఆమెని పక్కకి పిలిచాడు.

"ఒక్క మాటండీ. ఆ గుమ్మం ఉత్త గుమ్మం కాదు, పైన గోడంతా దాని మీదే కూచుంది. తీసేస్తే ఆ జాగా ఇటుకతో మూసెయ్యాలి. మళ్ళీ దర్వాజా నిలబెట్టి తలుపు పెట్టాలంటే ముప్పై, నలభై వేలు. ఈ డబ్బుల్లో రాదండీ. వచ్చే ఏడో, ఆపై ఏడో."

"అప్పటిదాకా?"

"పెరటి దారేనండీ."

నెల్సన్ తల పట్టుకున్నాడు. "ఊరంతా వింత చెప్పుకుంటారే. ఇల్లు కొని గుమ్మం అమ్ముకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పాస్టరుగారిని కూడా దొడ్డిదారిన తీసుకొస్తామా?"

పుష్పలత సింహద్వారం దగ్గరికెళ్ళింది. ఏనుగుల మీద చెయ్యి వేసింది. ఇంతకాలం కోరింది రెండని అప్పుడు తెలిసింది ఆమెకి: ఈ గడప దాటి లోపలికి రావడమొకటి, వచ్చాక వాన చూడటమొకటి. రెండూ ఒకటేననుకుంది. పెరట్లో నిలబడినంతకాలం అవి ఒకటిగానే కనిపించాయి. కాగితం మీద వేసేసరికి విడిపోయాయి, రెంటికీ డబ్బు చాలలేదు. వెంకట్రాజుకి స్తంభాలిచ్చేస్తే గుమ్మం ఉంటుంది. దర్జాగా ముందునుంచి వచ్చి, సోఫాలో కూర్చోవచ్చు.

"తీయించుకోండమ్మగారూ," అంది. ఏనుగుల మీంచి చెయ్యి తీసేసింది.

దెందులూరు నుంచి పెంకులు దింపిన లారీలోనే గుమ్మం ఎక్కించారు. గడ్డి పరిచి, దుప్పటి చుట్టి, పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపారు. ముందుగోడలో పడ్డ కంతలోంచి వీధి మొత్తం కనిపించింది. సాయంత్రానికి ఇటుకలు లేచి దాన్ని మూసేశాయి.

కారెక్కబోతూ వెంకటనరసమ్మ ఆగింది. కొడుకు వినకుండా అడగాలన్నట్టు దగ్గరికొచ్చింది.

"నీకు సెల్లుంది కదా?"

"ఉందండీ."

"తొలివాన పడ్డప్పుడు ఒకసారి ఫోను చెయ్యి. ఏం మాట్లాడక్కర్లేదు. అలా వానకేసి పట్టుకో, చాలు."

"చాకిరీ అన్నారు కదండీ?"

"అన్నాను. చాకిరీయే," అంది ఆవిడ. కొంగు సర్దుకుని కారెక్కింది.

మే అంతా పని. పెంకులు కడిగి, పగిలినవి ఏరి, ఒకదాన్ని వెల్లకిలా ఒకదాన్ని బోర్లా వేసి నేసుకుంటూ పోయారు. బడి తెరిచేనాటికి మండువా చుట్టూ నాలుగు వాలులూ ఎక్కాయి. వీధిగది నేల వెయ్యలేదు, రంగుల్లేవు, ఒక గదికి కరెంటు రాలేదు. ఊరు నవ్వాల్సినంత నవ్వి అలిసిపోయింది. మృగశిర కార్తెలో మబ్బు పట్టి గాలికి పోయింది. ఆరుద్రలో నాలుగు చినుకులు పడి ఊరుకుంది. పుష్పలత బళ్ళో పాఠం చెబుతూ కిటికీ కేసి చూసేది. పిల్లలు కూడా అటే చూసేవారు, ఏముందోనని.

జూలైలో ఒక శనివారం, మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా వచ్చింది వాన. ముందు కొల్లేరు వైపు నుంచి చల్లటి గాలి, దాని వెనకే పెంకుల మీద టపటపలు, ఆ వెనక నాలుగు చూరుల నుంచీ నాలుగు తెరలు ఒక్కసారే దిగాయి. రాతి పలకల మీద నీళ్ళు బుడగలెత్తి, తూము కేసి పరుగెత్తాయి. పుష్పలత స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. తన మీద చినుకు పడటంలేదు.

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. వాన అదే, చూరులవే. కానీ ఆ రోజు తలుపులోంచి చూసినది ఇక్కణ్ణుంచి కనిపించడంలేదు. లోపల నిలబడ్డ మనిషికి వాన కనిపిస్తుంది గానీ, ఇంట్లో వాన కనిపించదు. పెరటి తలుపు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చూద్దామా అనుకుంది. వెళ్ళలేదు.

ఫోను తీసి ఏలూరు నంబరు నొక్కింది.

"అమ్మగారూ, నేనండీ, పుష్పలతని. వాన పడుతోందండీ."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఊ. పట్టు."

చెయ్యి చాచి ఫోనుని వానకేసి పట్టుకుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. జల్లుకి మోచెయ్యి దాకా తడిసింది. పెద్దావిడ ఏడుస్తోందేమోనని మెల్లిగా చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆగ్నేయం మూల పెంకు సరిగ్గా కూచోలేదే," అంది వెంకటనరసమ్మ. "నీళ్ళు పక్కకి జారి దూలం మీద పడుతున్నాయి. మేస్త్రీని పిలిచి సర్దించు. లేకపోతే మళ్ళీ పుచ్చుతుంది."

పుష్పలత ఆ మూలకి చూసింది. పెంకులన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. చెవి ఒగ్గి విన్నది. నాలుగు మూలలా ఒకటే హోరు.

"నాకేం తేడా తెలీట్లేదండీ."

"ఎలా తెలుస్తుందే? ఒక్క వాన కదా నువ్వు విన్నది," అంది ఆవిడ. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఇంకొంచెంసేపు పట్టవే ఫోను," అంది.

పుష్పలత ఆగ్నేయం మూలకి నడిచి, చూరు కింద నిలబడింది. ఫోనున్న చెయ్యి వానలోకి చాచి, కళ్ళు మూసుకుని, చెవి ఆ ఒక్క మూలకే ఇచ్చి వింటోంది.